ఇత్తడి గంజుకు కారు మీద చోటు

మా ఆయన పరశురాం ఏ మనిషినైనా మొదట వెనక నుంచి చూసేవాడు. భుజం కుట్టు భుజం మీదే నిలిచిందా, జారి చేతి మీదికి వచ్చిందా, కాలరు మెడకు ఆనుకుని ఉందా, వీపు మీద ముడత ఎటు పోతోంది. ఇవి చూసుకున్న తరవాతే ముఖం చూసి పలకరించేవాడు. మెదక్‌లో రాందాస్ చౌరస్తాకు నాలుగడుగుల దూరంలో ముప్పై ఒక్క ఏళ్లు మిషను మీద కూర్చున్నాడు. అందరూ మాస్టర్ అనేవాళ్లు. కాజాలు, హుక్కులు, అంచు కుట్లు నా పని. కత్తెర మాత్రం పట్టనిచ్చేవాడు కాదు.

ఆయనకు అసూయ ఎక్కువ. డబ్బున్నవాళ్లను చూసి ఏమీ అనుకునేవాడు కాదు గానీ, ఇంకొకరు బాగా కుట్టిన చొక్కా కనబడితే ఆ పూట అన్నం సహించేది కాదు. ఒకసారి ఎల్దుర్తిలో పెళ్లికి పోయాం. పెళ్లికొడుకు షేర్వాణీ మెడ దగ్గర వెంట్రుక దూరే సందు లేకుండా కూర్చుంది. ఎవరు కుట్టారో కనుక్కుని వచ్చి, విస్తరి ముందు రెండు ముద్దలు తిని లేచాడు. ఇంటికి వచ్చే దాకా బస్సు కిటికీ వైపే చూశాడు.

"ఏమైందయ్యా?" అని అడిగాను.

"మెడ మంచిగనే కుట్టిండు. అయితే ఏందంట" అన్నాడు.

ఆ అసూయ ఒక మనిషి మీద నిలబడిపోయింది మా చెల్లెలు దేవిక పెళ్లిలో. మా ఇంట్లో పెళ్లికొడుకు బట్టలు ఇంటి పెద్దల్లుడే కుట్టాలని ఆయన తనకు తానే అనుకున్నాడు. మబ్బు రంగు చొక్కా గుడ్డ, దానికి తగిన ప్యాంటు గుడ్డ తెచ్చి, రెండుసార్లు నీళ్లలో తడిపి ఆరేసి, పెళ్లికొడుకు కొలతలివ్వడానికి వస్తాడని వారం రోజులు ఎదురుచూశాడు. పెళ్లికొడుకు వంశీ విత్తనాల కంపెనీలో ఆఫీసరు. అతను హైదరాబాద్‌లో రెడీమేడ్ సూటు కొనుక్కుని నేరుగా పందిట్లో దిగాడు. అతనికి ఎవరూ చెప్పలేదు కాబట్టి అతని తప్పేమీ లేదు. ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవిన పడలేదు. గుడ్డ బీరువాలో అడుగు అరలోకి పోయింది.

ఇక గంజు సంగతి చెప్పాలి.

మా పుట్టిల్లు కౌడిపల్లి. మేమిద్దరం ఆడపిల్లలమే. ప్రతి మాఘమాసంలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ నది ఒడ్డున ఉన్న ఏడుపాయల గుడికి పోయి, అక్కడ రాళ్లపొయ్యి మీద బెల్లమన్నం వండి అమ్మవారికి పెడతాం. అది వండేది మా అమ్మ నర్సమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గంజులో, పెద్ద వంటగిన్నె అది. పన్నెండు కిలోల బరువు, అడుగు మీద రెండించీల ఎత్తు, మూతి ఇంకా వెడల్పు. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, గడప మీద నుంచి ఎత్తితే మళ్లీ దించడం నది ఒడ్డున పొయ్యి మీదనే. మధ్యలో నేల తగలకూడదు. ఎత్తేది ఇంటి మగవాడు. నాన్న ఉన్నన్నాళ్లు నాన్న ఎత్తాడు. నాన్న పోయాక పెద్దల్లుడు ఎత్తాడు.

మొదటి ఏడు మోపెడ్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని నడిపాడు, వెనక నేను. తరవాత ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాడు. రేగోడ్, ఎల్దుర్తి, కౌడిపల్లి బడులకు యూనిఫాంలు కుట్టే పని దొరికాక ఒకరు వాడిన చిన్న ఎస్‌యూవీ కొన్నాడు. అప్పటి నుంచి గంజు డిక్కీలో పోయేది. మాకు పిల్లలు లేరు. దేవికకు ఇద్దరు. పిల్లలున్న ఇంట్లో మాటలన్నీ పిల్లల చుట్టే తిరుగుతాయి. బారసాలలు, పుట్టినరోజులు, బడి ఫీజులు, అన్నిటికీ అమ్మ వంశీతోనే మాట్లాడేది. మా అమ్మ ఇంట్లో పెద్దల్లుడిగా ఆయనకు మిగిలింది ఆ గంజు ఒక్కటే.

మూడేళ్ల కింద, మాఘం ఇంకో నెల ఉందనగా మెదక్‌లోనే వేరే వీధిలో ఉండే దేవిక, వంశీ కొత్త కారులో మా ఇంటికి వచ్చారు. మా కారు కన్నా ఒక అరచెయ్యి పొడవు. దాని కప్పు మీద నల్లటి పెద్ద డబ్బా, పడవను బోర్లించినట్టు.

"సూడక్కా, మీద డబ్బ పెట్టిచ్చినం. పిల్లల సైకిల్లు, ఈయన విత్తనాల పాకెట్లు, ఏం సరిపోతలేకుండె" అంది దేవిక. ఒక్క చేత్తో మూత ఎత్తింది, ఒక్క చేత్తో దించింది. నేను ఆ చేతినే చూశాను. సూది గుచ్చుకున్న గుర్తు ఒక్కటి లేదు.

వంశీ మా ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, జర సూసి చెప్పుండ్రి. మంచిగున్నదా?"

మా ఆయన కారు చుట్టూ తిరిగాడు. "నల్ల రంగు. దుమ్ము కనవడ్తది."

"అవన్నా. రోజు తుడవాలె."

"గాలి కొడితే సప్పుడైతది గద?"

"అయితదన్నా. జర అయితది."

ఏమన్నా ఒప్పుకునే మనిషితో పేచీ ఎట్లా పెట్టుకుంటారు? అప్పుడు దేవిక అంది. "ఈసారి గంజు దీంట్ల పెడదాం బావా. పోయినేడు మీ డిక్కీల గంజుకే జాగ అయిపాయె, బియ్యం సంచి అమ్మ కాళ్ల కాడ పెట్టిండ్రు. ఇంటికి వచ్చినంక నాలుగు దినాలు మోకాళ్లు నొయ్యంగ పన్నది."

"అమ్మేమన్నది?" అని నేనే అడిగాను.

"ఏమంటది. సల్లగుండుండ్రి, దేంట్లనన్న పెట్టుండ్రి అన్నది."

మా ఆయన లోపలికి పోయి మిషను ముందు కూర్చున్నాడు. వాళ్లు చాయ తాగి వెళ్లే దాకా బయటికి రాలేదు. లోపల మిషను నడుస్తూనే ఉంది. వాళ్లు పోయాక చూస్తే సూదిలో దారం లేదు. ఉత్త గుడ్డ మీద ఉత్త సూది అంత సేపు నడిచింది.

మర్నాడు పొద్దున అన్నాడు, "యూనిఫాం మూటలకు కారు మీద డబ్బ కావాలె."

"నాలుగేండ్ల సంది లేంది ఇప్పుడెందుకు?"

"రేగోడ్ బడికి ఈసారి మూటలు ఎక్కువున్నయ్."

"బడి తెరిచేది జూన్ల గదా?"

ఆయన టేపు మెడలో వేసుకుని ముజమ్మిల్ దుకాణానికి బయలుదేరాడు. నేనూ వెంట పోయాను. ఎందుకు పోయానంటే, నాకూ ఆ డబ్బా కావాలి. ఈ మాట ఆయనతో అప్పుడు అనలేదు.

ముజమ్మిల్ కార్లకు సీటు కవర్లు కుడతాడు, స్టీరియోలు బిగిస్తాడు, కప్పు మీది సామాను తెప్పిస్తాడు. కుట్టు నేర్చుకున్నది మా దుకాణంలోనే, మా ఆయన దగ్గరే. అందుకని ఇప్పటికీ ఉస్తాద్ అంటాడు. ఆయన ఏం కావాలో చెప్పగానే కుర్చీ తెచ్చి వేసి, ఫోనులో బొమ్మలు చూపించడం మొదలుపెట్టాడు.

"ఉస్తాద్, మొదలు కారు సంగతి చెప్త ఇనుండ్రి. మీ కారు మీద గీ రెండు పట్టీలున్నయ్ గదా, అవి షో కోసం పెట్టినయ్. బరువు మొయ్యయ్. పట్టుకుని గుంజితే ఊడొస్తయ్."

మా ఆయన ముఖం మాడిపోయింది. నాలుగేళ్లుగా వారానికోసారి ఆ పట్టీలను నూనె గుడ్డతో తుడిచేవాడు. "వంశీ కారువి గూడ గట్లనేనా?"

"వాళ్లవి అస్లీ ఉస్తాద్. నేనే జూసిన. మీ దానికి తలుపుల అంచుకు కొక్కాలేసి రెండు అడ్డ కడ్డీలు బిగియ్యాలె. వాటి మీద డబ్బ. డబ్బ బరువు, లోపటి సామాను బరువు, కడ్డీల బరువు, అన్ని కలిసి యాభై కిలోలు దాటొద్దు."

"గంజు పన్నెండు కిలోలే" అన్నాడు మా ఆయన.

ముజమ్మిల్ నా వైపు చూశాడు. యూనిఫాం మూటల మాట అక్కడితో అయిపోయింది.

అతను మూడు రకాలు చూపించాడు. గుడ్డతో చేసిన సంచీ ఒకటి, జిప్పు వేసేది. పొట్టిగా, వెడల్పుగా ఉన్న గట్టి డబ్బా ఒకటి, అరవై ఇంచీలు. పొడుగు డబ్బా ఇంకొకటి, డెబ్బై అయిదు. "మీ కారుకు అరవైది పక్కా సరిపోతది. పొడుగుది పెడితే డిక్కీ ఎత్తినప్పుడు తాకుతది. డిక్కీ తలుపు కప్పు కన్న మీదికి లేస్తది గదా ఉస్తాద్. తీసి సూసి, కొలిచి, అప్పుడు చెప్పుండ్రి."

"వంశీది ఎంతుంటది?"

"నాకేమెరుక. నేను బిగియ్యలే."

ఇంటికి వచ్చే దారిలో ఆయన మెల్లగా నాతో అన్నాడు, "నువ్వు దేవిక దగ్గరికి పోయి రా. ఊకనే. మీరొచ్చిన్నాడు డబ్బ మంచిగ సూడలే అను."

టేపు తీసుకుపోతే కనబడుతుంది. చేత్తో కొలవమన్నాడు. నా జాన ఏడూ ముప్పావు ఇంచీలని ఆయనకు తెలుసు. మా పెళ్లయిన కొత్తలో గాజుల కోసం నా చెయ్యి పట్టుకుని కొలిచినప్పుడు దాన్నీ కొలిచాడు.

దేవిక లోపల పాలు కాస్తుంటే నేను బయట కారు పక్కన రాయి మీద నిలబడి, డబ్బా మీద దుమ్ము తుడుస్తున్నట్టు జానలు వేశాను. ఒకటి, రెండు, మూడు. ఏడో జాన వేస్తుండగా వంటింటి కిటికీలో దేవిక కనబడింది. చూస్తోంది. నేను ఆపలేదు. ఎనిమిది, తొమ్మిది. లోపలికి పోతే చాయ గ్లాసు చేతికిచ్చి, "దుమ్ము వొయ్యిందా అక్కా?" అంది. నవ్వలేదు. ఆ మాట నన్ను గుచ్చింది. చిన్నప్పుడు దానికి జడ వేసింది నేను, అక్షరాలు దిద్దించింది నేను. ఇప్పుడు దాని వాకిట్లో దొంగ కొలతలు తీసుకుంటున్నది నేనే. ఆ చాయలో చక్కెర ఎక్కువైందని అబద్ధం చెప్పి సగం వదిలేసి వచ్చాను.

"తొమ్మిది జానలు" అని చెప్పాను.

"డెబ్బై ఇంచీలకు పావు తక్కువ" అన్నాడు ఆయన వెంటనే. "మనం డెబ్బై అయిదుది తీసుకుందాం."

"ముజమ్మిల్ అరవై అన్నడు గదా?"

"వాడికి సీట్ల కొలతలు తెలుస్తయ్. నేను కొలుస్త."

కొలిచాడు. ఆ కొలవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కారును ఇంటి ముందు నీడలో నిలబెట్టి, కడిగి, గుడ్డతో తుడిచి, మెడలో టేపు తీసి, ముందు అద్దం పై అంచు నుంచి వెనక చివర దాకా కప్పు మీద టేపు పరిచాడు. వీపు కొలత తీసినట్టే, వంపు వెంబడే వేలితో నొక్కుకుంటూ పోయాడు. చొక్కాకైతే అదే పద్ధతి. గుడ్డ ఒంటి వంపుతో పాటు వంగుతుంది కదా. డబ్బా వంగదు. డెబ్బై ఎనిమిది వచ్చింది. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి, పేరు దగ్గర కారు నంబరు రాసి, కింద పొడుగు, వెడల్పు, గంజు ఎత్తు రాశాడు. ఖాకీ కాగితం మీద డబ్బా ఆకారం గీసి కత్తిరించి కప్పు మీద పరిచి చూశాడు. కాగితం చక్కగా అతుక్కుంది. మూడు ఇంచీలు మిగిలాయి కూడా. "లూజు కూడ ఉన్నది సూడు" అన్నాడు. అంత సేపూ డిక్కీ మూసే ఉంది.

హైదరాబాద్ నుంచి డబ్బా రావడానికి పదిరోజులు పట్టింది. వచ్చింది శనివారం. ఆదివారమే ఏడుపాయల ప్రయాణం. బియ్యం, బెల్లం, చాపలు, కట్టెలు అప్పటికే డిక్కీలో కుక్కి ఉన్నాయి. ముజమ్మిల్ కడ్డీలు బిగించి, డబ్బా ఎక్కించి, కొంచెం ముందుకు జరిపి నిలబెట్టాడు. మా ఆయన వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు.

"ముందుకు వొంగింది. మత్తులున్నోడు టోపీ ముఖం మీదికి గుంజుకున్నట్టున్నది. జర ఎనుకకు జరుపు."

"జరిపితే డిక్కీ తాకుతది ఉస్తాద్. ఒకసారి డిక్కీ తెరుస్తరా?"

"తెరిస్తే సామాన్లన్ని కింద పడ్తయ్. పొద్దుగాల నుంచి సదిరినం. నువ్వు జరుపు. నేను కొలిచిన."

గురువు కొలిచానన్నాక శిష్యుడు ఏమంటాడు? జరిపాడు. ఆ సాయంత్రం మా ఆయన చౌరస్తా చుట్టూ కారును మూడుసార్లు తిప్పాడు. మూడోసారి దేవిక వాళ్ల వీధిలోంచి వచ్చాడు. వాళ్లింటి తలుపు వేసి ఉందని వచ్చి చెప్పాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

ఆదివారం పొద్దున కౌడిపల్లిలో అమ్మ గంజుకు పసుపు రాసి గడప మీద పెట్టుకుని కూర్చుంది. రెండు కార్లూ వాకిట్లో నిలబడ్డాయి. అమ్మ ఒకసారి అటు చూసింది, ఒకసారి ఇటు చూసింది.

"రెండిండ్లకు డబ్బలున్నయ్. ఇగ నేనేం జెప్పాలె" అంది.

"నాది అయిదించీలు పెద్దదత్తమ్మా" అన్నాడు మా ఆయన.

వంశీ నవ్వి పక్కకు జరిగాడు. మా ఆయన గంజును గడప మీద నుంచి ఎత్తి, ముక్కాలి పీట ఎక్కి డబ్బాలో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది. చుట్టూ పాత చీరలు కుక్కాడు. మూత వేసినప్పుడు వచ్చిన చిన్న చప్పుడుకు దేవిక ముఖం చూశాను నేను. చూడాలనే చూశాను.

అప్పుడు అమ్మ అంది, "అల్లుడా, గీ నెయ్యి డబ్బ, గీ కొబ్బరికాయలు గూడ డిక్కీల పెట్టు."

ఆయన డిక్కీ ఎత్తాడు. తలుపు మూరెడు లేచి, పైన డబ్బాకు తగిలి ఠక్కున ఆగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ ఆగింది. ఆ సందులోంచి ఒక చెయ్యి దూరుతుంది, బియ్యం సంచి రాదు. పక్కింటివాళ్లు గోడ మీద నుంచి చూస్తున్నారు. ఆయన మూడోసారి మెల్లగా ఎత్తాడు, మెల్లగా ఎత్తితే లేస్తుందేమోనన్నట్టు.

ముజమ్మిల్‌కు ఫోన్ చేశాడు. తొందరలో వేలు తగిలి స్పీకరు నొక్కుకుపోయింది. వాకిలంతా విన్నది.

"ఉస్తాద్, నేను మీ దుకాణంల కొత్తగ ఉన్నప్పుడు ఒకాయన చెయ్యి ఎత్తియ్యకుండ చంక కొలత తీసిన. యాదికున్నదా? టేపు తోని నా వీపు మీద రెండు ఏసిండ్రు. చెయ్యి కిందికుంటే అన్ని సరిపోతయ్, ఎత్తినప్పుడు చినుగుతదని చెప్పిండ్రు. మరి కారు చెయ్యి ఎత్తిచ్చి కొలిచిండ్రా?"

ముజమ్మిల్‌కూ జాలేసినట్టుంది, గొంతు తగ్గించాడు. "పరేషాన్ కాకుండ్రి. డబ్బ లోపట నాలుగు బిగింపులుంటయ్. వదులు జేసి ఏడెనిమిదించీలు ముందుకు జరుపుండ్రి. అయిపోతది."

బిగింపులు డబ్బా అడుగున ఉన్నాయి. వాటి మీద గంజు ఉంది. గంజు తీయాలి. తీస్తే ఎక్కడ పెట్టాలి? గడప దాటిన గంజు మళ్లీ గడప మీద పెట్టడానికి లేదు, నేల మీద దించడానికి లేదు. అందరికీ ఒకే సంగతి తోచింది. దేవిక పైకే అనేసింది. "మా దాంట్ల పెడదాం బావా. ఏమైతది. రెండు ఒక్క తీరు డబ్బలే గదా."

అమ్మ పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంది. మా ఆయన పీట మీద నిలబడి డబ్బా అంచు పట్టుకుని ఉన్నాడు. ఆయన వెనక నిలబడ్డాను కాబట్టి వీపే కనబడింది నాకు. తానే కుట్టుకున్న చొక్కా, చెమటకు అతుక్కుపోయింది. పెద్దల్లుడి బండి నుంచి గంజు ఒకసారి చిన్నల్లుడి బండిలోకి పోతే మళ్లీ ఏడు అది అటే పోతుంది. ఇది అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వంశీకి కూడా తెలుసు.

వంశీ చొక్కా చేతులు పైకి మడిచాడు. "అన్నా, గంజు నాకియ్యి. నేను పట్టుకుంట. నువ్వు డబ్బ జరుపు."

"జర సేపు కాదు, అరగంట పడ్తది" అన్నాడు మా ఆయన, అటు తిరగకుండానే.

"పట్టనీ."

"పన్నెండు కిలోలు."

"విత్తనాల బస్తాలు మోస్తనే ఉంట అన్నా. ఇయ్యి."

ఇచ్చాడు. వంశీ రెండు చేతులతో గంజును ఛాతీకి ఆనించుకుని వాకిట్లో నిలబడ్డాడు. దేవిక తమ కారు డబ్బా మూత అప్పటికే తెరిచింది. "ఏమయ్యా, దీంట్ల పెట్టు, ఎంత సేపు పట్టుకుంటవ్" అంది. అతను గంజును ఇంకొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాడు. మా ఆయన బిగింపులు వదులు చేశాడు. ఒకటి తిరగలేదు. పక్కింటి నుంచి పాన తెచ్చారు. వంశీ మెడ మీద నరాలు తేలాయి. పసుపు అతని చొక్కాకంతా అంటుకుంది. ఒకసారి గంజు కిందికి జారబోతే మోకాలు ఎత్తి ఆపుకున్నాడు. అప్పుడు చర్రుమని చప్పుడైంది. కుడి చంక కింద చొక్కా చిరిగింది. ఖరీదైన రెడీమేడ్ చొక్కా.

ఆ చప్పుడుకు మా ఆయన తల తిప్పాడు. పాన చేతిలోనే ఉంది. పీట దిగి వంశీ వీపు వెనక్కి వెళ్లి నిలబడి, భుజం నుంచి నడుము దాకా చూశాడు. పెళ్లయిన పధ్నాలుగేళ్లలో ఆ మనిషిని ఆయన అంత పరీక్షగా చూడటం అదే మొదలు.

"చంక మస్తు బిగుతున్నది. భుజం గూడ ఇంచెడు తక్కువుంది. గిసొంటియి తొడుక్కుంటవెందుకు?"

"నాకేం తెలుసన్నా, కొనుక్కుంట తొడుక్కుంట."

"మంగళారం దుకాణానికి రా. కొలత తీస్త."

"పిలిస్తే ఎప్పుడో వచ్చేటోన్ని" అన్నాడు వంశీ, గంజు వెనక నుంచి.

డబ్బా ముందుకు జరిగింది. టోపీ ముఖం మీదికి గుంజుకున్నట్టే ఉంది. డిక్కీ లేచింది. గంజు మా కారు మీదనే ఏడుపాయలకు పోయింది. దారిలో ఆయన ఒక్క మాటే అన్నాడు. "పట్టుకున్నడు గానీ ఎడమ దిక్కు వొంచి పట్టుకున్నడు." నేను నవ్వు ఆపుకున్నాను.

మంగళవారం వంశీ వచ్చాడు. బీరువా అడుగు అరలోంచి మబ్బు రంగు గుడ్డ బయటికి వచ్చింది. అది ఎప్పటిదో ఆయన చెప్పలేదు, అతను అడగలేదు. కాజాలు నేను కుట్టాను. ఆ చొక్కా తొడుక్కుని వంశీ అద్దం ముందు నిలబడితే, నిజంగా బాగుంది. ఆయన చాలా సేపు చూసి, "ఇంత మంచిగ నాకు నేను ఎన్నడు కుట్టుకోలే" అన్నాడు. అందులోనూ అసూయే ఉంది. తన చేతి మీద తనకే.

తరవాతి మాఘంలోనూ గంజు మా కారు మీదే పోయింది. ఆ ఏడు శ్రావణంలో ఒక మధ్యాహ్నం, మిషను మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వాలిపోయాడు. దవాఖానకు తీసుకుపోయే లోపే అయిపోయింది. ఏడాది తిరగలేదు కాబట్టి పోయిన మాఘంలో ఎవరమూ ఏడుపాయలకు పోలేదు.

ఈ మాఘంలో పోయాం. కౌడిపల్లికి పొద్దున్నే వస్తానన్న వంశీ ముందు మెదక్‌లో మా ఇంటికి వచ్చాడు, తన కారు ఇంట్లోనే పెట్టి, దేవికను, పిల్లలను వెంటబెట్టుకుని. మబ్బు రంగు చొక్కా తొడుక్కున్నాడు.

"వదినె, కారు తాళం ఇయ్యి. గంజు పెద్దల్లుని కార్లనే పోవాలె" అన్నాడు.

తాళం తెచ్చి ఇచ్చాను. ఏడాదిన్నరగా కదలని కారును తుడిచి, గాలి కొట్టించి, కౌడిపల్లి తీసుకుపోయాడు. అమ్మ ఈసారి మోకాళ్ల వల్ల రాలేనని గడపలోనే ఉండిపోయింది. వంశీ గంజు ఎత్తి డబ్బాలో పెట్టాడు. డిక్కీ తీసి చూసి, వేసి, మళ్లీ తీసి చూశాడు.

దేవిక ముందు తలుపు తీసి అతని పక్కన కూర్చుంది. ఎప్పుడూ అక్కడే కూర్చునే మనిషి, ఆలోచించలేదు. ఆ సీటు నాది, పొద్దున్న కూడా అందులోనే వచ్చాను. దాని కవరు అంచు కుట్టు నాది. కౌడిపల్లి దాకా ముట్టుకోని అద్దాన్ని వంశీ తన ఎత్తుకు తిప్పుకున్నాడు. అది అప్పటి దాకా ఆయన ఎత్తుకే ఉంది. దేవిక చెయ్యి చాచి అతని కాలరు సర్దింది.

వాళ్లు మంచివాళ్లు. అది నాకు తెలుసు. అయినా ఆ కాలరు మీది చెయ్యి చూసి ఓర్వలేకపోయాను. గంజు మా కారు మీదే ఉంది, మా డబ్బాలోనే ఉంది, పెద్దల్లుడి మాట నిలబడింది. నాకేం కావాలని ఇంకా? నేను పిల్లలిద్దరి మధ్యలో వెనక సీట్లో కూర్చుని వంశీ వీపు వైపు చూశాను. భుజం కుట్టు భుజం మీదే ఉంది. స్టీరింగ్ తిప్పడానికి అతను చెయ్యి ఎత్తినప్పుడల్లా చంక దగ్గర గుడ్డ ఎంత కావాలో అంతే లేచి మళ్లీ సర్దుకుంటోంది.

కొల్చారం దాటే దాకా అదే చూస్తూ కూర్చున్నాను. దేవిక రెండుసార్లు పిలిచిందట. వినబడలేదు.